వాయిదా ఎమ్మెల్యే

ఆయన పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పొద్దున్నే మా గురజాల గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టి, కింద "అసెంబ్లీలో వాయిదా అడిగిన మన మాజీ ఎమ్మెల్యే ఇక లేరు" అని రాశారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. మధ్య మధ్య కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వే బొమ్మలు కూడా ఉన్నాయి. కాసేపటికి ఒక కుర్రవాడు, ఆయన ఎమ్మెల్యేగా ఉన్న రోజుల్లో పలక కూడా పట్టి ఉండడు, "పైనుంచి పిలుపొస్తే అక్కడ కూడా వాయిదా అడక్కపోయాడా" అని పెట్టాడు. దానికి నవ్వే బొమ్మలు ఇంకా ఎక్కువ వచ్చాయి.

వాణ్ని తిట్టడానికి టైపు చేయబోయి ఆగిపోయాను. వాడి తప్పేం లేదు. ఆ జోకు వాడిది కాదు, నాది. ఆయన అసెంబ్లీలో వాయిదా అడిగారని మొదట అచ్చులో వేసింది నేను. అందులో అబద్ధం లేదు. కానీ సగమే ఉంది. మిగతా సగం ఇన్నేళ్ళూ నా జిరాక్స్ షాపు డ్రాయరులో, పాత కార్బన్ కాగితాల కింద పడి ఉంది.

ఆయన్ని ఊరంతా ప్లీడరు గారనే పిలిచేది. ఎమ్మెల్యే అయ్యాక కూడా ప్లీడరు గారే. ఆయన భార్య కూడా "ప్లీడరు గారు స్నానం చేస్తున్నారు, కూర్చోండి" అనేది. నేనూ ఇక్కడ అదే పేరు వాడతాను.

మా పల్నాడులో ఎండాకాలం కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని నీడకు చేరతాయి. అలాంటి మధ్యాహ్నాల్లో కూడా ప్లీడరు గారు నల్లకోటు విప్పేవారు కాదు. అది చంకల దగ్గర గోధుమరంగుకు తిరిగింది. కింది గుండీ ఎప్పుడో ఊడిపోయింది. "కాసేపు విప్పండి సార్, చచ్చిపోతారు" అని ఎవరైనా అంటే, "విప్పితే నన్నెవరైనా కక్షిదారు అనుకుంటారు" అనేవారు.

ఆయనకు కళ్ళజోడు చూడటానికి మాత్రమే కాదు. అది తీసి చేత్తో పట్టుకుంటే వింటున్నారని గుర్తు. పెట్టుకుంటే ఇక ఆయన మాట్లాడబోతున్నారని గుర్తు. కళ్ళజోడు లేకుండా ఎదురుగా ఉన్న మనిషి ఎవరో ఆయనకు పోల్చుకోవటం కష్టమే. "మొహం కనపడకపోతే మాట బాగా వినపడుద్ది" అనేవారు.

ఎవరు ఏం చెప్పినా ఆఖరున ఒకటే ప్రశ్న. "ఎదుటి పార్టీ ఏమంటాడు?"

ఒకసారి నేను వాళ్ళింట్లో ఉండగా ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, పాలబ్బాయి నీళ్ళు కలుపుతున్నాడు, మీరన్నా చెప్పండి" అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "వాడేమంటాడు?"

"వాడు కలపలేదంటాడు."

"అయితే ఇద్దర్నీ విన్నాక చెప్తాను."

"గేదె ఏమంటదో కూడా కనుక్కోండి, ఓ పనైపోద్ది" అని ఆవిడ లోపలికి పోయింది.

వాయిదాల విషయానికొస్తే, ఆయన్ని చేతకాక వాయిదాలు అడిగే ప్లీడరు అని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను. కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకుని ఏళ్ళ తరబడి చూస్తే గానీ అసలు సంగతి నాకు అర్థం కాలేదు. మా వైపు ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకుంటే, కోర్టుకు రావటానికి మాత్రం రెండు వర్గాలకూ ఉన్నది ఒకటే బస్సు. మొదటి వాయిదాకు ఒక వర్గం ముందు సీట్లలో, ఇంకో వర్గం వెనక సీట్లలో కూర్చుని, మధ్యలో కండక్టరు బిక్కచచ్చి నిలబడేవాడు. నాలుగో వాయిదాకు ఒకే హోటల్లో, వేరు వేరు బల్లల మీద ఇడ్లీ తినేవాళ్ళు. ఎనిమిదో వాయిదాకు ఒకడు బస్సులో తువ్వాలు వేసి ఇంకొకడికి సీటు ఆపేవాడు.

ప్లీడరు గారు కోర్టు వరండాలో నిలబడి ఇదంతా గమనించేవారు. ఆయన గుమాస్తా కోటయ్యకు ఒక పని అప్పజెప్పారు. "కోటయ్యా, ఆ ఇద్దరూ ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకున్న రోజు నాకు చెప్పు." కోటయ్య రోజూ బీడీలు కాల్చేవాళ్ళ వంక అదే పనిగా చూస్తూ నిలబడేవాడు. కొత్తగా వచ్చిన వాళ్ళు ఇతనికి బీడీ కావాలేమో అనుకుని ఇవ్వబోయేవాళ్ళు. కబురు అందిన రోజున ప్లీడరు గారు రాజీ కాగితం బయటికి తీసేవారు. అది మొదటి వాయిదా నాడే రాసి పెట్టుకున్న కాగితం.

ఆయన ఎమ్మెల్యే ఎలా అయ్యారంటే, పార్టీలో రెండు వర్గాలు టికెట్టు కోసం పట్టుబట్టి, చివరికి "నాకు రాకపోయినా ఫరవాలేదు, వాడికి మాత్రం రాకూడదు" అనే దగ్గరికి వచ్చాయి. రెండు వర్గాల కేసులూ ఏదో ఒక కాలంలో చూసిన మనిషి ప్లీడరు గారు ఒక్కరే. రెండు వర్గాలకూ ఆయన మీద ఒకే నమ్మకం ఉంది. ఈయన ఎవరికీ ఏదీ తొందరగా చెయ్యడు.

ప్రచారంలో ఆయన వెంట తిరిగిన కార్యకర్తలు పాపం చానా ఏడ్చారు. మాచవరం వైపు ఒక ఊళ్ళో మైకు పట్టుకుని, "ఎదుటి అభ్యర్థి ఈ ఊరికి బోరు వేయించాడు. అందులో నీళ్ళు బాగున్నాయి. ఇప్పుడే తాగాను. అది రికార్డులో ఉండాలి" అన్నారు. పక్కనున్న కార్యకర్త మైకు వైరు పీకేశాడు. అయినా గెలిచారు. ఎలా గెలిచారో ఆయనకే అంతుపట్టలేదు. కౌంటింగ్ దగ్గర కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయారు.

అసెంబ్లీలో మొదటి రోజు సభాధ్యక్షుడు రాగానే అందరితో పాటు ఆయనా లేచి నిలబడ్డారు. అందరూ కూర్చున్నారు. ఆయన కూర్చోలేదు. కోర్టులో అయితే జడ్జిగారు కూర్చోమని తల ఊపుతారు. ఇక్కడ ఎవరూ ఊపలేదు. అలా ముప్పావుగంట నిలబడ్డారు. ఈయన దేనికో నిరసన తెలుపుతున్నారనుకుని ప్రతిపక్షం వాళ్ళు ఇద్దరు ఆయనకు మద్దతుగా లేచి నిలబడ్డారు. చివరికి సొంత పార్టీవాళ్ళు కోటు పట్టుకు లాగి కూర్చోబెట్టారు. ఆ ఇద్దరూ మాత్రం "ఎందుకు కూర్చున్నావు, ఏం హామీ ఇచ్చారు?" అని మధ్యాహ్నం దాకా ఆయన్ని వదల్లేదట. ఇదంతా ఆయనే నా షాపులో కూర్చుని చెప్పారు. తన మీద తనే నవ్వుకోవటం ఆయనకు కొత్త కాదు.

ప్రభుత్వం ఇచ్చిన గన్‌మన్‌కు ఫైళ్ళు మోయటం అలవాటు చేశారు. ఆరు నెలల్లో అతను తుపాకి భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాడినీ "కాగితం ఉందా? ఎదుటి పార్టీని తెచ్చావా?" అని అడిగేవాడు. తుపాకి చూసి జనం కాగితం లేకుండా రావటం మానేశారు.

ఇక నా సంగతి. జిరాక్స్ షాపుతో పాటు నేను ఒక పత్రికకు విలేకరిని. అప్పట్లో ఒక ఊళ్ళో కోడిపుంజు గుడ్డు పెట్టిందని రాశాను. ఫొటోతో సహా వేశారు. మర్నాడు హోటల్లో ప్లీడరు గారు ఆ పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. హోటలంతా జనం.

కళ్ళజోడు పెట్టుకుని, "అబ్బాయ్, ఇది నువ్వు రాసిందేనా?" అన్నారు.

"నేనేనండీ."

"పుంజు గుడ్డు పెడుతుంటే చూశావా?"

"లేదండీ. పెట్టాక పోయాను."

"గుడ్డు చూశావా?"

"చూశానండీ."

"దాన్ని పుంజే పెట్టిందని ఎవరు చెప్పారు?"

"ఆ ఇంటావిడ చెప్పిందండీ."

"ఆ ఇంట్లో పెట్టలెన్ని?"

"ఏడండీ."

"ఆ ఏడూ ఏమన్నాయి?"

హోటలంతా గొల్లుమంది. దోసెలు వేసేవాడు అట్లకాడ కింద పడేసి మరీ నవ్వాడు. ప్లీడరు గారు నా భుజం తట్టి, "సాక్షిని వదిలేస్తున్నాను" అని చెయ్యి కడుక్కోవటానికి పోయారు. ఆయన నన్ను అవమానించాలని అనలేదు. సాక్షి కనిపిస్తే ప్రశ్నలు ఆగవు, అంతే. కానీ ఆ రోజు నుంచి కోర్టు ప్లీడర్లందరూ నన్ను "ఒరేయ్ గుడ్డూ, రెండు కాపీలు తియ్" అనటం మొదలుపెట్టారు. నాకు అప్పుడు ముప్పై దాటాయి. పెళ్ళయి ఒక ఆడపిల్ల. నా భార్య కూడా ఒకరోజు పుంజు ఊసెత్తి నవ్వింది. అది నా కడుపులో ఉండిపోయింది.

ఇక్కడ జిల్లేడు వాగు గురించి చెప్పాలి. వాగు అవతల మూడు ఊళ్ళున్నాయి. వానాకాలం నాలుగు చినుకులు పడితే బస్సు ఇవతలే ఆగిపోయేది. పురిటికొచ్చిన ఆడవాళ్ళను మంచం మీద పెట్టి, నలుగురు మోసుకుంటూ వాగు దాటించేవాళ్ళు. ప్లీడరు గారు అయిదేళ్ళలో అసెంబ్లీలో నోరు విప్పి పట్టుగా అడిగిన సంగతి ఇదొక్కటే. ఆ వాగు మీద వంతెన ఎప్పుడు కడతారని.

ఆ రోజు మధ్యాహ్నం నా షాపుకు హైదరాబాదు నుంచి ఫోను చేశారు. గొంతులో ఎప్పుడూ లేని హుషారు.

"అబ్బాయ్, కలం తియ్. ఒక్క ముక్క కూడా పోకుండా రాసుకో."

ఆయన చెప్పారు, నేను రాసుకున్నాను. ఇదీ ఆయన చెప్పింది. వంతెన ఎప్పుడు కడతారన్న ప్రశ్నకు మంత్రిగారు, ఆ వంతెన ఇప్పటికే పూర్తయి వాడకంలో ఉందని జవాబు చదివారు. వెంటనే ప్లీడరు గారు లేచి, "అధ్యక్షా, వాయిదా కోరుతున్నాను" అన్నారు. సభ అంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఆయన నిలబడి, తర్వాత ఇలా అన్నారు.

"మంత్రిగారి కాగితంలో వంతెన ఉంది. నేను మొన్న అదే వాగును చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో దాటాను. మా ఇద్దరిలో ఒకరం పొరపడుతున్నాం. నేనే పొరపడి ఉండవచ్చు. కాబట్టి ఈ ప్రశ్నను వాయిదా వేసి, ఎవరినైనా పంపించి, వాగు మీద వంతెన ఉందో లేదో చూసి రమ్మనండి. ఉంటే ఈ సభకు క్షమాపణ చెప్పుకుంటాను. లేకపోతే కట్టించండి."

ఈసారి ఎవరూ నవ్వలేదట. మనిషిని పంపి చూపిస్తానని మంత్రిగారు ఒప్పుకున్నారట.

"ఇప్పుడు చదివి వినిపించు" అన్నారు ప్లీడరు గారు. వినిపించాను. "బాగుంది. వాగు అవతల వాళ్ళు చూస్తారు, జాగ్రత్తగా రాయి."

సాయంత్రం పత్రికాఫీసుకు ఫోను చేస్తే అక్కడి సబ్ ఎడిటరు, "ఎనిమిది లైన్లకు మించి వద్దు" అన్నాడు. ఎనిమిది లైన్లలో అదంతా పట్టేది. అతను కొయ్యమనలేదు. నేనే కోశాను. హోటలూ, దోసెలవాడి అట్లకాడా, ఏడు పెట్టలూ నా కళ్ళ ముందు కదిలాయి. నాలుగే లైన్లు పంపాను. 'జిల్లేడు వాగు వంతెనపై మంత్రి జవాబు చెప్పగానే మన ఎమ్మెల్యే లేచి, అధ్యక్షా, వాయిదా కోరుతున్నాను అన్నారు. సభ గొల్లుమంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది మరి!' బాక్సు కట్టి వేశారు.

మర్నాటికి గురజాల, మాచర్ల, నరసరావుపేట అంతా అదే నవ్వు. నన్ను గుడ్డు అనటం మానేశారు. "భలే రాశావురా" అని భుజాలు తట్టారు. నేను కోరుకున్నది దొరికింది.

నెల తిరక్కుండా వాగు చూడటానికి ఇంజనీరు వచ్చాడు. నేను కెమెరా వేసుకుని పోయాను. జీపు వాగు మధ్యలో కూరుకుపోయింది. ఇంజనీరు ప్యాంటు పైకి మడుచుకుని దిగాడు. ఒడ్డున కూర్చున్న ఒక ముసలావిడ, "ఎవురయ్యా ఆయన, కొట్టుకపోయేట్టున్నాడు" అంది.

"బ్రిడ్జి కోసం వచ్చాడు పెద్దమ్మా" అన్నాను.

"తెచ్చాడా?"

ప్లీడరు గారు పక్కనే నీళ్ళలో, కోటుతో, చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "ఇంజనీరు గారూ, మీరిప్పుడు నిలబడింది వంతెన మీదనా, నీళ్ళలోనా?" అని అడిగారు.

"నీళ్ళలోనే సార్."

"చానా సంతోషం. అదొక్కటీ రాయండి."

ఇదే పేరున్న ఇంకో వాగు మీద ఎక్కడో వంతెన ఉందట. కాగితాల్లో రెండు వాగులూ ఒకటైపోయాయి. జీపును ట్రాక్టరు కట్టి లాగించుకుని ఇంజనీరు వెళ్ళిపోయాడు. వంతెన మంజూరైంది. నేను జీపు ఫొటో తీశాను గానీ వార్త రాయలేదు. రాస్తే నా నాలుగు లైన్ల సంగతి తేలిపోతుంది.

వంతెన పని మొదలయ్యేలోపే ఎన్నికలు వచ్చాయి. ఎదుటి పార్టీవాళ్ళు నా బాక్సు వార్తను గోడ మీద అతికించేంత పెద్దది చేయించారు. ఎక్కడనుకున్నారు, నా షాపులోనే. ఆటోల మీద మైకులు పెట్టి, "వాయిదా ఎమ్మెల్యేకి ఓటేస్తే మీ ఊరి పనులన్నీ వాయిదా" అని ఊరూరా తిరిగారు.

వాగు అవతలి ఊళ్ళో ఆయన ఆఖరి సభకు నేనూ పోయాను. జనంలోంచి ఒకడు లేచి, "ప్లీడరు గారూ, మా బ్రిడ్జి సంగతి అడగమని పంపిస్తే వాయిదా అడిగావంట గదా, నిజమేనా?" అని అరిచాడు.

"నిజమే" అన్నారాయన. "అడిగాను. రికార్డులో ఉంది."

పక్కనున్న కార్యకర్త తల పట్టుకున్నాడు. "మిగతాది కూడా చెప్పండి సార్, మీకు దణ్ణం పెడతా."

"నా కేసు నేనే వాదించుకుంటే ఎవరు నమ్ముతారయ్యా? రాసినాయన అదిగో, అక్కడున్నాడు. అడగండి."

జనమంతా నా వైపు తిరిగారు. ప్లీడరు గారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. నేను చెప్పేది వినటానికి. నా పుస్తకంలో ఆయన మాటలు రెండు సగాలూ ఉన్నాయి. నేను కలం మూత తిప్పుతూ, పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. తల ఎత్తేసరికి ఆయన కళ్ళజోడు పెట్టుకుని, అవతలి అభ్యర్థి వేయించిన బోరు గురించి మాట్లాడుతున్నారు.

ఓడిపోయారు. వంతెన తర్వాతి ఎమ్మెల్యే హయాంలో పూర్తయింది. శిలాఫలకం మీద ఆ కొత్త ఎమ్మెల్యే పేరుంది. న్యాయంగా చూస్తే అదీ తప్పు కాదు, కట్టించింది ఆయనే.

ఓడిన తర్వాతి సోమవారం ప్లీడరు గారు అదే కోటుతో కోర్టుకు వచ్చారు. ముందు నా షాపుకు వచ్చారు. చేతిలో ఆ రోజు అసెంబ్లీలో జరిగిన మాటల రికార్డు ఉంది.

"అబ్బాయ్, ఒక కాపీ తియ్."

తీశాను. ఆయన అసలు కాగితం తీసుకుని, కాపీ నా ముందుకు తోశారు.

"ఇది నీది."

నేను తల ఎత్తలేదు. "తప్పయిపోయింది ప్లీడరు గారూ. అబద్ధం రాశాను."

"అబద్ధం ఎక్కడ రాశావు? సగం సాక్ష్యం ఇచ్చావు. సగం సాక్ష్యం ఇచ్చిన వాణ్ని కోర్టు జైల్లో వెయ్యదు అబ్బాయ్. మిగతా సగం తెమ్మని వాయిదా ఇస్తది. నేనూ ఇస్తున్నా."

"ఎప్పటికండీ?"

"తొందరేముంది? నీకు వీలైనప్పుడు."

అని రోడ్డు దాటి కోర్టులోకి పోయారు. తిట్టి ఉంటే ఆ సాయంత్రమే రాసి పారేసేవాణ్ని. వాయిదా ఇచ్చి నన్ను చంపారు.

ఆ తర్వాత ఎక్కడ కనపడినా ఒకటే మాట. "ఏం అబ్బాయ్, సిద్ధమేనా?" నేను "వాయిదా అండీ" అనేవాణ్ని. "సరే" అని ఆయన కదిలేవారు. జనం ఇది మా ఇద్దరి మధ్య ఏదో సరదా అనుకున్నారు. ఒకసారి ప్లీడర్ల బారు వాళ్ళందరూ ఎత్తిపోతల జలపాతానికి విహారం పోతూ నన్నూ తీసుకుపోయారు. నీళ్ళ హోరులో ఆయన ఏదో అడిగారు. మాట వినపడలేదు, పెదవులు చూసి అర్థమైంది. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. ఆయన తల ఊపారు. మా అమ్మాయి పెళ్ళిలో అక్షింతలు వేయటానికి వచ్చి, చేతిలో అక్షింతలతో నా చెవి దగ్గర, "ఇవాళ కాదులే, ఇవాళ శుభకార్యం" అన్నారు.

ఎందుకు రాయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మొదట పౌరుషం. తర్వాత పత్రిక పని మానేశాను. ఆ తర్వాత, ఇప్పుడు ఎవరికి కావాలిలే అనుకున్నాను. చివరికి, ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదని అడుగుతారేమోనన్న సిగ్గు.

ఆఖరిసారి పోయినేడు చూశాను. చెవులు మందగించాయి. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని అడిగారు. వచ్చే నెల తప్పకుండా అని గట్టిగా అరిచి చెప్పాను.

"మంచిది. కాకపోతే ఈసారి నేను హాజరు కాలేకపోవచ్చు అబ్బాయ్. కోటయ్య ఉంటాడులే."

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి పోయాను. ఆయన భార్య కుర్చీ చూపించింది. "నాయనా, అందరూ వాయిదా ఎమ్మెల్యే అంటారు గదా. ఆయన నిజంగా అక్కడ ఏమన్నాడో నాక్కూడా చెప్పలా. అడిగితే, కాగితం జిరాక్స్ అబ్బాయి దగ్గరుంది, వాడు చెప్తాడు అనేవాడు. ఏముంది నాయనా ఆ కాగితంలో?"

ఆవిడకు చదివి వినిపించాను. "మోకాల్లోతు నీళ్ళలో దిగాడా? ఆ కోటు తడిపి తెచ్చింది అందుకా! నేను ఆ రోజు చానా తిట్టాను" అంది.

బారు హాల్లో సంతాప సభ పెట్టారు. ఆయన గౌరవార్థం ఆ రోజు కోర్టులో కేసులన్నీ వాయిదా పడ్డాయి. ఆ మాట ప్రకటించిన ప్లీడరుకే నవ్వు ఆగలేదు. వరసగా అందరూ ఆయన మంచితనం గురించి చెప్పి, చివర్లో నా నాలుగు లైన్ల జోకు చెప్పి, కళ్ళు తుడుచుకుని దిగారు. అయిదో ఆయన దిగాక నేను లేచాను. డ్రాయరులోంచి తెచ్చిన కాగితం చదివాను. "వాయిదా కోరుతున్నాను" దగ్గర అలవాటుగా అందరూ నవ్వారు. నేను ఆగి, మిగతా సగం చదివాను. ఆ రోజు దాన్ని నేనెలా కోశానో, ఎందుకు కోశానో, ఏడు పెట్టలతో సహా చెప్పాను.

వెనక నిలబడ్డ ఒక రైతు, వాగు అవతలి మనిషి, "అందుకా దాన్ని వాయిదా బ్రిడ్జి అంటారు! కాంట్రాక్టరు లేటు చేశాడు గావాల, అందుకని అంటన్నారనుకున్నానే ఇన్నాళ్ళూ" అన్నాడు.

సభ నడుపుతున్న పెద్ద ప్లీడరు నా వైపు కోపంగా చూశాడు. "మరి ఇన్నేళ్ళు ఏం చేస్తున్నావయ్యా?"

"ఆయనే వాయిదా ఇచ్చారండీ" అన్నాను.

హాలంతా నవ్వింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు నాకు తెలిసింది.

బయటికి వస్తుంటే గుమాస్తా కోటయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఎనభై దగ్గర పడ్డాయి. చంకలో ప్లీడరు గారి ఈ ఏటి డైరీ ఉంది. ఏ రోజు ఏ కేసు ఉందో రాసుకునే డైరీ. తేలని కేసులను ఏటా కొత్త డైరీలోకి ఎక్కించటం కోటయ్య పని. ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. పైన రెండు పొలం కేసులు, ఒక దారి తగాదా. వాటి కింద కోటయ్య గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది. 'జిరాక్స్ అబ్బాయి. మిగతా సగం. వాయిదా.'

"ప్రతి ఏడూ ఎక్కించేవాడివా బాబాయ్?"

"ఎక్కించకపోతే ఊరుకుంటాడా? అన్నిటికన్నా ముందు నీదే అడిగేవాడు." కోటయ్య కలం తీశాడు. "ఇప్పుడు ఏమని రాయమంటావు?"

"చదివాను గదా బాబాయ్. అయిపోయిందని రాయి."

"ఎవురికి చదివావు? ఈ హాల్లోవాళ్ళకి. అప్పుడు కోసింది నోటితోనా, అచ్చులోనా?"

"అచ్చులో."

"మరి అతికించేది కూడా అచ్చులోనే గదా. పైగా ఎదుటి పార్టీ హాజరు లేడు. ఆయన లేకుండా నేనెట్టా కొట్టేస్తాను అబ్బాయ్?" అని పేజీలు తిప్పి, ముందుకు ఒక తేదీ చూసి, అక్కడ నా పేరు ఎక్కించాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఆ తేదీ దగ్గర పడింది. అందుకే ఇది రాశాను. కోటయ్య బాబాయ్‌కి ఈ మధ్య చూపు ఆనటం లేదు. గురజాల కోర్టు వరండాలో, బీడీలు కాల్చుకునే వాళ్ళకు ఎదురుగా కూర్చుని ఉంటాడు. అటు పోయేవాళ్ళు ఎవరైనా దీన్ని ఆయనకు చదివి వినిపించండి. రెండు సగాలూ.